సుద్దముక్క వేళ్ళు

నిన్న సాయంత్రం ఫ్రిజ్‌లోంచి ఇడ్లీ పిండి గిన్నె తీస్తున్నాను. స్టీలు గిన్నె చల్లదనానికి కుడిచేతి వేళ్ళు మొదలంటా తెల్లబడిపోయాయి. అది కొత్తేమీ కాదు, ఈ మధ్య తరచూ జరుగుతున్నదే. గిన్నె గట్టు మీద పెట్టి చెయ్యి విదిలించుకుంటుంటే, పక్కన నీళ్ళ సీసా నింపుకుంటున్న మా పాప చూసి పకపకా నవ్వింది.

"అమ్మా, నీ వేళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయే!"

భయం అప్పుడు వేసింది. వేళ్ళని చూసి కాదు, ఆ మాట విని. ఆ మాట నాది. దాని వయసులో ఉన్నప్పుడు మా అమ్మ చేతులు చూసి నేనన్న మాట. పాప ఆ మాట ఎప్పుడూ వినలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. అయినా అక్షరం పొల్లుపోకుండా మా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

చాలాకాలంగా నా ఒంట్లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు. పాల ప్యాకెట్ పళ్ళతో చింపుతాను. నోట్లో పూత, చారు తగిలినా మంట. దువ్వెన నిండా జుట్టు. పిల్లల కోసం స్కూలు గేటు దగ్గర కాసేపు ఎండలో నిలబడితే బుగ్గలు రెండూ కందిపోతాయి. మధ్యాహ్నానికి ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టుంటుంది.

రాజమండ్రిలో డాక్టర్లకి లోటేం లేదు. ఎముకల డాక్టరుగారు విటమిన్ తక్కువన్నారు. చర్మం డాక్టరుగారు ట్యూబు రాశారు. నోటి పూత సంగతి ఎత్తితే, "అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా, పక్క బిల్డింగులో చూపించుకోండి" అన్నారు. పక్క బిల్డింగులో గ్యాస్ ట్రబులన్నారు. ఇంకొకాయన రిపోర్టులన్నీ తిరగేసి, నన్ను వదిలేసి మా ఆయన్ని అడిగారు, "ఇంట్లో ఏమన్నా టెన్షన్లా అండీ?" అని. మా ఆయన మంచివాడే. కానీ ఆటోలో ఇంటికొస్తూ, "అన్నీ నార్మలే కదా, ఇంకెందుకు బాధ?" అన్నాడు. నార్మల్ అనే మాట వింటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఆ వెయిటింగ్ హాళ్ళంటేనే రోత. ఫినాయిలు, స్పిరిటు, పక్కనెవరో విప్పుకున్న టిఫిన్ బాక్సులోంచి పులిహోర, అన్నీ కలిసిన ఆ వాసన చీర ఉతికినా పోదు. నా ఒళ్ళంటే కూడా రోతే. మందుల కంపు కొట్టే నోరు, దిండు మీద జుట్టు.

నిన్న పాప అన్న మాటకి ఇవన్నీ ఒక్కసారిగా నా చిన్నతనంలోకి వెళ్ళి పడ్డాయి.

మాది పెనుగొండకి దగ్గర్లోనే ఒక చిన్న బజారు ఊరు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మానికి తలుపు ఉండేది కాదు, గోనె పరదా ఉండేది. దాంతో ఇల్లంతా ఎప్పుడూ ఎండుమిరపకాయలూ ఇంగువా పాత బెల్లమూ కలిసిన వాసన. బట్టల్లో, పుస్తకాల్లో, జడలో కూడా అదే. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను ముద్దుగా పోపులడబ్బా అనేది. ఇప్పుడా కొట్టు లేదు. సెల్‌ఫోన్ల షాపువాళ్ళు అద్దెకి తీసుకున్నారు. ఆ వాసన ఎక్కడైనా దొరికితే ఆగి పీల్చుకుంటాను. ఆ ఇంట్లో నాకు అసహ్యం వెయ్యని వాసన అదొక్కటే.

మిగతావన్నీ అమ్మ గది వాసనలు.

నాకు బాగా గుర్తున్నది ఒక ఎండాకాలం. కాలవలకి నీళ్ళు కట్టేశారు. మా పెరటి వెనక పంటకాలవ అడుగు బురద బయటపడి, ఎండకి పగిలి, చచ్చిన చేపలతో కంపు కొడుతోంది. ఊళ్ళో అందరూ కిటికీలు మూసుకున్నారు. మా ఇంట్లో మాత్రం కాలవ వైపున్న గదిలోనే అమ్మని పడుకోబెట్టారు. ఎందుకంటే ఆ గది వీధిలోకి కనబడదు.

అమ్మకి ఏం జబ్బో ఎవరికీ తెలీదు. కీళ్ళ దగ్గర వాపులు. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం. నోట్లో పూత. ముక్కుకి అటూ ఇటూ ఎర్రగా, చెంపల మీద ఎవరో రెండు అరచేతులూ ఆనించి తీసినట్టు మచ్చలు. మా నాయనమ్మని నేను మామ్మ అనేదాన్ని. ఇంట్లో ఆవిడ మాటే మాట. నోటి పూతకి జామాకులు నమిలించేది. కీళ్ళకి వావిలాకు మరిగించిన నీళ్ళు, జుట్టుకి ఆముదం. మొహానికి ఎండ మంచిదని, వడియాల కాపలా నెపంతో డాబా మీద కూర్చోబెట్టేది. అమ్మ కిందికి దిగేసరికి మొహం ఉడికిన దుంపలా ఉండేది. "చూశావా, రక్తం పడుతోంది" అనేది మామ్మ సంతోషంగా. ఆముదమూ వావిలాకూ చెమటా కాలవ బురదా కలిసిన ఆ గది వాసనకి, అమ్మ పక్కన పడుకోవాలని ఉండి కూడా గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసేదాన్ని.

పథ్యం ఇంకో రోత. ఒకరు వంకాయ వద్దన్నారు, ఒకరు పెరుగు వద్దన్నారు, ఒకరు పప్పు వద్దన్నారు. ఎవరు ఏది మానమంటే అది మానిపించారు తప్ప మళ్ళీ ఏదీ పెట్టింది లేదు. చివరికి మిరియాల చారూ అన్నమూ మిగిలాయి. నోరంతా పూసిన మనిషికి మిరియాల చారు! ఆ వేసవిలోనే కొత్తావకాయ కలిపారు. కలిపింది అమ్మే. వాచిన చేతులతో కారమూ ఆవపిండీ కలిపి, మా అందరికీ వేడన్నంలో నెయ్యేసి ముద్దలు పెట్టి, తను వేలి చివరైనా నాకకుండా చెయ్యి కడుక్కుంది. మేం ఎంత బాగుందో చెప్పుకుంటూ తిన్నాం.

ఒక మధ్యాహ్నం చెరుకురసం బండి దగ్గర, రంపపు పొట్టులో దొర్లిన ఐసుముక్క ఒకటి అడుక్కుని పరుగెత్తుకొచ్చాను. నిద్రపోతున్న అమ్మ అరచేతిలో పెట్టేశాను. అమ్మ ఉలిక్కిపడి లేచింది. చూస్తుండగానే వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"అమ్మా, నీ వేళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయే!"

పలక తెచ్చాను. అమ్మ చూపుడువేలు పట్టుకుని పలక మీద రాయించాను. తెల్ల గీత పడలేదు గానీ, కరిగిన ఐసు తడి పడింది. ఆ తడి ఆరేలోపు "అమ్మ" అని రాసేశాం ఇద్దరం. అమ్మ నవ్వింది. నవ్వితే పెదవి పగిలిన చోట నొప్పి పుట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది.

అప్పుడే మామ్మ వచ్చింది. వేళ్ళెందుకు అలా అయ్యాయని అడగలేదు. "ఆ చేతులు కొంగులో పెట్టుకో ముందు. ఎవరన్నా చూస్తే ఇంకేమన్నా ఉందా!" అంది.

అసలు రోగం కన్నా ఆ "ఎవరన్నా చూస్తే" అన్నదే మా ఇంట్లో పెద్దది. కాంపౌండరుగారు కూడా ఇంట్లోకి వచ్చేవారు కాదు. సాయంత్రం పప్పులు కొనడానికి వచ్చినట్టు కొట్టుకి వచ్చేవారు. నాన్న పొట్లం కడుతూ, ఎవరికో అన్నట్టుగా, "నిన్నటి నుంచి మోకాలు లాగుతోందటండి" అనేవారు. కాంపౌండరుగారు జేబులోంచి మందుబిళ్ళలు తీసి తక్కెడ పక్కన పెట్టేవారు. రోజుకి ఒక్క బాధే చెప్పాలి. రెండు చెబితే పెద్ద రోగమనుకుంటారని మామ్మ కట్టుదిట్టం. ఆయన అమ్మ మొహం చూసి ఎరగరు.

పక్కవీధి ఆవిడ ఒకరు కారప్పొడికని వచ్చి పరదా లోపలికి తొంగిచూసేవారు.

"కోడలుగారు కనబడట్లేదేంటండీ?"

"పుట్టింటికెళ్ళిందండి. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదంటేను."

"అయ్యో, మొన్న కూడా వాళ్ళమ్మగారికే అన్నారు?"

"ఆయ్, పాపం ఆవిడకి ఎప్పుడూ ఏదో ఒకటేనండి."

లోపలి గదిలో అమ్మ దగ్గు ఆపుకోవడానికి దుప్పటి నోట్లో కుక్కుకునేది. ఆవిడ వెళ్ళాక నేను మామ్మని అడిగాను, అమ్మమ్మకి బాగానే ఉంది కదా, అలా ఎందుకు చెప్పావని. మామ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని జడ సవరిస్తూ చెప్పింది, ఎంతో ప్రేమగా. "పిచ్చిదానా, నీ కోసమేనే. తల్లికి ఇన్ని రోగాలని నలుగురికీ తెలిస్తే రేపు నిన్నెవరు చేసుకుంటారు?"

అప్పటికి నేను పాల పళ్ళు కూడా పూర్తిగా ఊడనిదాన్ని.

పెద్ద డాక్టర్లకి చూపించలేదని కాదు. నాన్న ఖర్చుకి వెనకాడే మనిషి కాదు. కానీ పంచి చూపించారు. మోకాళ్ళ నొప్పికి రాజమండ్రి. జ్వరానికి ఇంకో ఊరు. మొహం మీద మచ్చలకి తుని, ఎందుకంటే తునిలో మాకు తెలిసినవాళ్ళు లేరు. ఒక డాక్టరుకి చెప్పింది ఇంకో డాక్టరుకి చెప్పకూడదు. బజార్లో ఎవరన్నా ఎక్కడికని అడిగితే, "పెనుగొండ అమ్మవారి దర్శనానికి" అనేవారు. దేవుడి దగ్గరికి గట్టిగా చెప్పి వెళ్ళొచ్చు. డాక్టరు దగ్గరికి మాత్రం దొంగల్లా వెళ్ళాలి.

తునికి నన్నూ తీసుకెళ్ళారు. చిన్నపిల్ల వెంట ఉంటే చూసేవాళ్ళకి షికారులా ఉంటుందని. రైలు గోదావరి వంతెన ఎక్కగానే మామ్మ తలా ఒక నాణెం ఇచ్చింది. నాది నీళ్ళలో వేశాను. అమ్మ వేళ్ళు సరిగ్గా ముడుచుకోక నాణెం జారి సీటు కిందికి దొర్లిపోయింది. "గోదారమ్మకి ఇచ్చేది కూడా సరిగ్గా ఇవ్వలేవా?" అంది మామ్మ. నేను సీటు కింద దూరి వెతికేలోపు వంతెన దాటిపోయింది.

తుని డాక్టరు గది ముందు బల్లల మీద కూర్చున్నాం. లోపల్నుంచి ఎవరిదో పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. మామ్మ అమ్మని మోచేత్తో పొడిచింది. అమ్మ కంగారుగా లేచింది.

"మామ్మా, మా అమ్మ పేరు అది కాదు!" అన్నాను గట్టిగా.

నా తొడ మీద మామ్మ గిల్లిన గిల్లుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీటీ మీద నాన్న వేరే పేరు రాయించారట, ఇంటిపేరుతో సహా. రోగానికి ఎలాగూ పేరు లేదు. మనిషి పేరు కూడా తీసేశారు.

లోపల మాట్లాడిందంతా మామ్మే. "మొహం మీద మచ్చలండి. అంతేనండి. ఇంకేం లేదండి."

ఆ డాక్టరుగారు సన్నగా, కళ్ళజోడుతో ఉన్నారు. అమ్మ మొహం దీపం కిందికి తిప్పి చాలాసేపు చూశారు. తర్వాత కలం పక్కన పెట్టేశారు.

"కీళ్ళ నొప్పులున్నాయామ్మా? జ్వరం వస్తోందా? నోట్లో పుళ్ళలాంటివి?"

"అబ్బే, లేవండి" అంది మామ్మ.

"మిమ్మల్ని కాదండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి." ఆయన అమ్మ వైపు తిరిగారు. "చెప్పండమ్మా. ఏదున్నా పర్లేదు."

అన్నీ ఆయనే వరసగా అడిగారు. అమ్మ అవునంటే చాలు. అమ్మ నోరు తెరిచింది కూడా. అంతలో అమ్మ చూపు నా మీద పడింది. నేను తొడ రుద్దుకుంటూ మామ్మ పక్కన నిలబడి ఉన్నాను.

"లేవండి" అంది అమ్మ.

ఆయన ఇంకాసేపు చూసి, కలం తీసుకుని మచ్చలకి ట్యూబు రాశారు.

బయటికొచ్చాక, గొడవ చెయ్యకుండా ఉన్నందుకు మామ్మ నాకు స్టేషను దగ్గర పనసతొనలు కొనిపెట్టింది. మురుగు పక్కన బండి, జుమ్మని ఈగలు, ఎండకి మగ్గిన పనస వాసన. అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని, కొంగు ముక్కుకి పెట్టుకుంది. నేను తొనలన్నీ తినేసి రైల్లో వాంతి చేసుకున్నాను. మా వైపు పెళ్ళంటే పనసపొట్టు కూర లేకుండా విస్తరి వెయ్యరు. నా పెళ్ళిలో కూడా వేశారు. ఆ కూర నేను ముట్టుకోలేదు.

నేను ఇంటర్ హాస్టల్లో ఉండగా అమ్మ పోయింది. గుండె ఆగిందన్నారు. అందరి గుండెలూ ఆగుతాయి చివరికి. ఎందుకాగిందో అడగడానికి ఒక్క కాగితం కూడా సరైన పేరుతో లేదు.

మామ్మ కోరుకున్నట్టే నాకు మంచి సంబంధం వచ్చింది.

కిందటి వారం కొత్త డాక్టరుగారికి చూపించుకోవడానికి అత్తయ్యగారు తోడొచ్చారు. ఆయన అడిగారు, "మీ అమ్మగారికి ఇలాంటివేమన్నా ఉండేవా?" అని. నేను ఆలోచించుకునేలోపే అత్తయ్యగారు అందుకున్నారు. "లేవండి. వాళ్ళమ్మగారు గుండెతో పోయారండి, అంతే. వాళ్ళ వైపు ఏ రోగాలూ లేవండి. అన్నీ కనుక్కునే చేసుకున్నాం." ఆయన రాసుకున్నారు. ఆవిడ అబద్ధమాడలేదు. పెళ్ళిచూపులనాడు మావాళ్ళు చెప్పిందే అప్పజెప్పారు. నాకూ ఆ క్షణాన ఏమీ తట్టలేదు. మోకాళ్ళు రాజమండ్రిలో, మచ్చలు తునిలో, దగ్గు కాలవ గదిలో, నా బుర్రలో కూడా అమ్మ అలా ముక్కలుగానే ఉండిపోయింది. నిన్న పాప మాటతో ఆ ముక్కలన్నీ దగ్గరికొచ్చి ఒక మనిషయ్యాయి. ఆ మనిషి వేళ్ళు నా చేతికున్నాయి.

ఇడ్లీ పిండి అలాగే వదిలేసి బాల్కనీలోకి వెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, అమ్మకి వేళ్ళు తెల్లబడేవి కదా? మొహం మీద మచ్చలు, నోటి పూత, అన్నీ ఒక్కసారే ఉండేవి కదా?"

ఆయన టీవీ చప్పుడు తగ్గించారు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"నాకూ అవే వచ్చాయి. డాక్టరుకి చెప్పాలి."

"ఏంటమ్మా నువ్వనేది..." ఇక ఏడుస్తారేమో అనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి అన్నారు, "మీ అత్తగారు దగ్గర్లో ఉన్నారా?"

"లోపలున్నారు."

"వినబడేలా మాట్లాడకు తల్లీ. మనం అప్పుడు చెప్పలేదు కదా. ఇప్పుడు తెలిస్తే ఏమనుకుంటారు? నువ్వొక పని చెయ్యి. విజయవాడలో చూపించుకో. ఒక్కదానివే వెళ్ళు. గుడికని చెప్పు."

గుడికని చెప్పు! ఇన్నేళ్ళయినా అదే మాట, అదే ప్రేమ. నోట్లో మగ్గిన పనసపండు పెట్టినట్టయింది.

"పాపకి కూడా పెళ్ళి చెయ్యాలి కదమ్మా రేపు" అన్నారు.

పాప లోపల నేల మీద బోర్లా పడుకుని తమ్ముడి చేత రంగులు వేయిస్తోంది. ఫోన్ పెట్టేశాను. ఆయన్ని తిట్టలేదు. ఆయనకి భార్య పోయింది. ఎందుకు పోయిందో ఆయనకీ తెలీదు.

రాత్రంతా నిద్ర పట్టలేదు. చెబితే ఏమవుతుందో తెలీదు. మోసం చేశారంటారేమో. మా ఆయన మొహం ఎలా మారుతుందో. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం నేను చూసినదే.

ఈ పొద్దున పిల్లలకి ఇడ్లీలు పెట్టి ఇద్దరి ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన షేవింగ్ చేసుకుంటున్నాడు. అత్తయ్యగారు దేవుడి దగ్గర దీపం పెడుతున్నారు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. గొంతు తగ్గించలేదు.

"నాకు ఒంట్లో బాగోలేదు. ఏంటో ఇంకా తెలీదు. మా అమ్మకి కూడా ఇలాగే ఉండేది. వేళ్ళు, మచ్చలు, జ్వరం, అన్నీ. మా ఇంట్లో అది ఎవరికీ చెప్పనివ్వలేదు. మీ నాన్నావాళ్ళకి కూడా చెప్పలేదు. ఇవాళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేస్తాను."

దేవుడి గదిలో గంట ఆగిపోయింది. బాత్రూంలో కుళాయి చప్పుడు కూడా ఆగింది. ఎవరూ బయటికి రాలేదు.

బాబు, "అమ్మమ్మ పేరేంటి?" అన్నాడు. ఇన్నాళ్ళూ వాడికి చెప్పనేలేదని అప్పుడే తెలిసింది. చెప్పాను. ఇద్దరి చేతా పలికించాను. ఐసుముక్క సంగతీ, పలక మీద తడితో రాసిన సంగతీ చెప్పాను. వాడు నవ్వాడు. పాప నవ్వలేదు. ఇడ్లీ ముక్క చట్నీలో అటూ ఇటూ తిప్పుతూ, తన వేళ్ళకేసి చూసుకుంది.

"నాకూ వస్తుందా అమ్మా?"

"తెలీదు తల్లీ. రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం, ఎక్కడ నొప్పో అన్నీ నువ్వే చెప్పు. నేను పక్కనే ఉన్నా, నన్ను చూసి ఆగకు."